సఫోక్ సీమలో లోహశోధిని

ఇంగ్లండు దేశపు తూర్పు తీరమున, లండను నగరమునకు ఈశాన్యదిశను, సఫోక్ అను మండలము కలదు. అచ్చట కొండలు లేవు, జలపాతములు లేవు. గోధుమయు, బార్లీయు, చక్కెరదుంపయు పండు పొలములు, వాని నడుమ పొదల కంచెలు, ఊరూరను చెకుముకి రాళ్ళతో గట్టిన పాత చర్చి, ఇంతియే కంటికి గానవచ్చు వైభవము. కాని యా మట్టి క్రింద నున్నది వేఱొక లోకము. క్రీ. శ. 43 మొదలు సుమారు 410 వఱకు ఆ దేశములో నధికభాగమును రోమకు లేలిరి. వారి వెనుక శాక్సనులును, డేనులును, నార్మనులును వచ్చిరి. వచ్చిన ప్రతివారును ఏదో యొక వస్తువును జారవిడిచియో, దాచియో పోయినవారే. అందుచేత ఆ సీమలో రైతు పొలము దున్నునపుడు నాగటిచాలున పాతకాలపు బొత్తమో, నాణెమో పైకి వచ్చుట వింతగాదు.

పంట కోసిన మళ్ళలోను, సముద్రపు టొడ్డునను అచ్చట నొక విచిత్రమైన దృశ్యము తఱచుగా కనబడును. ఒక మనుష్యుడు పొడవైన కఱ్ఱ చివర పళ్ళెమువంటి దాని నమర్చుకొని, నేలకు తగులకుండ అటునిటు త్రిప్పుచు మెల్లగా నడచుచుండును. దూరమునుండి చూచినచో ఇల్లాలు వాకిలి ఊడ్చుచున్నట్లే తోచును. నడుమ నడుమ నతడు నిలుచుండి, చెవులకు తగిలించుకొన్న హెడ్‌ఫోనులలో నేదో విని, మోకాళ్ళపై కూర్చుండి త్రవ్వును. ఆ కఱ్ఱయే మెటల్ డిటెక్టరు. మేము దానిని లోహశోధిని యని పిలుచుకొంటిమి.

ఈ యంత్రము పుట్టుక విచారకరమైనది. 1881లో అమెరికా దేశాధ్యక్షుడగు గార్‌ఫీల్డును ఒక దుండగుడు తుపాకితో కాల్చెను. గుండు దేహములో నెచ్చట నున్నదో వైద్యులకు తెలియలేదు. టెలిఫోను నిర్మించి ప్రఖ్యాతి గాంచిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ లోహమును పసిగట్టు సాధనము నొకదానిని సిద్ధముచేసి తెచ్చెను. కాని గుండు జాడ తెలియలేదు. రోగి శయనించిన పరుపులోని లోహపు స్ప్రింగులు యంత్రమును కలవరపెట్టుటయు అందులకొక కారణమని చెప్పుదురు. అధ్యక్షుడు ఆ సంవత్సరమే మరణించెను. పిమ్మట రెండవ ప్రపంచ యుద్ధమున భూమిలో పాతిన మందుపాతరలను వెదకుటకు ఇట్టి యంత్రములు సైనికులకు మిక్కిలి తోడ్పడెను. నేడు వానినే జనులు నాణెములకును నగలకును వాడుచున్నారు. అయినను ఆనాటి లోపము నేటికిని పోలేదు. యంత్రము “లోహ మున్నది” అని చెప్పగలదు. అది గుండో, పరుపులోని స్ప్రింగో తేల్చుకొనవలసినవారు మనుష్యులే.

మా కుమారుడు ఉద్యోగవశమున సఫోక్ మండలమునకు ముఖ్యపట్టణమైన ఇప్స్‌విచ్‌లో కాపుర ముండుటచే, మేమును ఒక వేసవికాలము అచ్చట గడపితిమి. ఇప్స్‌విచ్‌కు పండ్రెండు మైళ్ళ దూరమున ఫెలిక్స్‌టో అను సముద్రతీర పట్టణము కలదు. ఒకనాడు మేమందఱ మచ్చటికి పోయి, నీళ్ళలో నడచి, ఇసుకలో గూర్చుండి, సాయంకాలమునకు ఇల్లు చేరితిమి. కాళ్ళు కడుగుకొనునప్పుడు మా కోడలి ఎడమకాలి మెట్టె కనబడలేదు. అది వివాహమునాడు స్థాలీపాక సమయమున తొడిగినది. వెల యెంతయు లేదు. వెండి మెట్టె యేయూర నైనను దొరకును. కాని యట్టిది దొరకునుగాని, అది దొరకదు గదా. ఆ పిల్ల ఏమియు ననలేదు. రెండు దినములు సరిగా నన్నము తినలేదు. మూడవనాడు మా కుమారుడు పెద్ద పెట్టె నొకటి తెచ్చి నట్టింట దింపెను. అందులోనిదే లోహశోధిని.

పెట్టె విప్పినంతనే సముద్రమునకు పరుగెత్తుట తెలివిగాదని దానితో వచ్చిన పుస్తకము చెప్పుచున్నది. మొదట యంత్రపు స్వభావమును తెలిసికొనవలెను. చివరనున్న పళ్ళెములో రాగితీగ చుట్టలు రెండుండును. ఒక చుట్టలో విద్యుత్తు క్షణమునకు వేలసారులు ముందు వెనుకలుగా పాఱుచు, భూమిలోనికి అయస్కాంతప్రభావమును పంపును. ఆ ప్రభావము లోహమునకు తగిలినప్పుడు, ఏటి నీటిలో సుడులు లేచినట్లు ఆ లోహమున సన్నని విద్యుత్తు సుడులు లేచును. ఆ సుడులు తిరిగి తమ స్వల్పమైన అయస్కాంతప్రభావమును పైకి పంపును. రెండవ చుట్ట దాని నందుకొనును. ఆ ప్రత్యుత్తర మెంత ఆలస్యముగా, ఎంత బలముగా వచ్చినదో కొలిచి, యంత్రము లోహపు జాతి నూహించి, ధ్వనిగాను అంకెగాను తెలుపును. ఇనుపమేకునకు బొంగురు ధ్వని, రాగికిని వెండికిని సన్నని తీయని ధ్వని, మిగిలినవి నడుమ.

ఇంటి పెరటిలోనే మా పాఠశాల ప్రారంభమయ్యెను. గడ్డిపై ఇంట నున్న వస్తువులను దూరదూరముగా పెట్టి, పళ్ళెమును వానిమీదుగా త్రిప్పితిమి. మా అత్తగారి నాటి 1917 సంవత్సరపు వెండి రూపాయి మాతో దేశాంతరము వచ్చినది. దానిమీద యంత్రము గుడిగంటవలె మ్రోగెను. నేటి మన రూపాయి ఉక్కుది. దానికి వేఱు ధ్వని. ఇంగ్లండు నాణెములలోను ఇట్టి భేదము కలదు. అచ్చటి ఒక పెన్నీ, రెండు పెన్నీల నాణెములు 1992కు పూర్వము కంచువి. ఆ సంవత్సరము మొదలు రాగిపూత గల ఉక్కువి. రెండును చూపునకు కవలలు. యంత్రమునకు మాత్రము ఒకటి రాగి, రెండవది ఇనుము.

తరువాత నగల వంతు. బంగారు ఉంగరము చక్కగా పలికెను. సన్నని గొలుసు దాదాపుగా మూగవోయెను. అది చూచి మేమాశ్చర్యపడితిమి. గొలుసు మన కొక్క నగయైనను, యంత్రమునకు విడివిడి చిన్నకడియముల గుంపు మాత్రమే. ఒక్కొక్క కడియములో లేచు సుడి మిక్కిలి చిన్నది; గొలుసు చివర నున్న పతకమో, పుస్తెయో ఉన్నచో అదియే పలుకును. ముత్యములును, పగడములును, రత్నములును యంత్రమునకు లేనట్లే. ఇక మా కోడలి రెండవకాలి మెట్టెను పెట్టితిమి. వెండి గనుక గొప్పగా మ్రోగునని మా యాశ. కాని ధ్వని బలహీనముగా వచ్చెను. కారణము విచారింపగా తెలిసినది: మెట్టె పూర్తి వలయము గాదు, వ్రేలికి సరిపోవుటకై క్రింద విడివడియుండును. విద్యుత్తు సుడి వలయమంతయు చుట్టి రావలెననిన దారి తెగియున్నది. అతికిన ఉంగరము అఱచును. తెగిన వలయము గుసగుసలాడును. ఆ గుసగుసను వినుట నేర్చుకొనుటకే మాకు నాలుగు దినములు పట్టెను.

ఈ విద్యలో అన్నిటికన్న కఠినమైన పాఠ మొకటి కలదు. శీతలపానీయముల డబ్బాలమీద లాగి తెఱచు అల్యూమినియపు కొక్కె ముండును. సముద్రతీరములందు అవి కోకొల్లలు. ఆ కొక్కెమునకును బంగారు ఉంగరమునకును యంత్రము ఇంచుమించుగా ఒకే ధ్వని చేయును, ఒకే అంకె చూపును. చెత్త వినబడకుండ ఆ అంకెలను మూసివేయుటకు యంత్రమున వీలున్నది. కాని మూసినచో బంగారమునుగూడ వదలుకొన్నట్లే. బంగారము కావలెననిన, నూరు కొక్కెములను ఓపికతో త్రవ్వి తీయవలెను. బియ్యములో రాళ్ళేరు నలవాటున్న మన స్త్రీలకు ఈ యోర్పు క్రొత్తగాదు.

యంత్ర మున్నంత మాత్రమున ఎచ్చటబడిన నచ్చట త్రవ్వుటకు వీలులేదు. ఇంగ్లండులో ప్రతి నేలకును ఒక యజమాని గలడు. ఆయన యనుమతి లేనిదే యంత్రముతో కాలుపెట్టరాదు. చట్టముచే రక్షింపబడిన ప్రాచీనస్థలములలో అసలే కూడదు. తీరభూములలోను కొన్ని రాణివాసపు ఆస్తివలె రాజకిరీటమునకు చెందినవి, కొన్ని పురపాలక సంఘములవి, కొన్ని ఇతరులవి. మేము వెదుకదలచిన భాగ మెవరిదో విచారించి, అనుమతి తెలిసికొనిన పిమ్మటనే బయలుదేరితిమి.

దినము నిర్ణయించుటకు మాత్రము మాకు పంచాంగమే చాలెను. పౌర్ణమికిని అమావాస్యకును పోటు హెచ్చు, పాటును హెచ్చు. అనగా నీరు మిక్కిలి వెనుకకు పోయి, ఇతర దినములలో మునిగియుండు ఇసుక బయటపడును. పౌర్ణమి వెళ్ళిన మఱునాడు, నీరు తీయుచున్న సమయమున తీరము చేరితిమి. ఫెలిక్స్‌టో చూడదగిన పట్టణము. ఒడ్డు పొడవునను బొమ్మరిండ్లవంటి రంగురంగుల చెక్కగదులు వరుసగా నుండును. దక్షిణపు కొసను బ్రిటనునందెల్ల పెద్దదైన కంటైనరు ఓడల రేవు. దాని క్రేనులు ఆకసమున కొంగలవలె నిలిచియుండును. ఉత్తరపు వైపున నొకప్పుడు రోమకులు గట్టిన వాల్టన్ కోట యుండెడిది. సముద్రము ఒడ్డును కొఱికికొఱికి, 18వ శతాబ్దమునాటికి ఆ కోటను పూర్తిగా మ్రింగినది. కోటనే మ్రింగిన సముద్రమునకు మెట్టె యొక లెక్కయా యని మా కుమారు డనెను. కోడలు విననట్లే నడచెను.

పొడి యిసుకలో యంత్రము బుద్ధిగా నుండెను. తడి యిసుక చేరగానే ఊరక అఱవసాగెను. ఉప్పునీరు తానే విద్యుత్తును ప్రవహింపజేయును గనుక, తడిసిన యిసుక యంతయు యంత్రమునకు లోహమువలె తోచును. యంత్రపు సున్నితత్వమును తగ్గించి, పళ్ళెమును నేలకు సమముగా, ఒక త్రిప్పునకును మఱియొక త్రిప్పునకును సందు లేకుండ, అలుకుపూత పెట్టినట్లు నడువవలెను. ధ్వని వినబడినచో పళ్ళెమును అడ్డముగా నొకసారి, నిలువుగా నొకసారి త్రిప్పి, రెండు గీతలును కలిసినచోట చిల్లుల గరిటెతో ఇసుక తోడి జల్లింపవలెను. గుంత పూడ్చుట మఱువరాదు; పసిపిల్లలు పరుగెత్తు చోటు. యుద్ధకాలపు గుండ్లు ఆ తీరమున నేటికిని అప్పుడప్పుడు బయటపడుచుండును గనుక, అట్టి దేదైనను కనబడినచో తాకక దూరముగా పోయి రక్షకభటులకు తెలుపవలెనని అచ్చటివారు మాకు ముందే చెప్పిరి.

ఆ దినము మూడు గంటలు వెదకి మేము సంపాదించినవి: డబ్బా కొక్కెములు పందొమ్మిది, మేకులు ఆరు, సీసపు గుండు ఒకటి, నాణెములు నాలుగు, ఒక చెంచా. చెత్త నంతయు సంచిలో వేసికొంటిమి. ఆ పాటి యిసుక శుభ్రమైనదని తృప్తిపడితిమి. మఱునాడును అట్లే. మూడవనాడు పాత కఱ్ఱకట్ట మొదట, కొక్కెములకు వచ్చు ధ్వనియే మఱల వచ్చెను. ఇరువదవ కొక్కెమనుకొని కోడలు త్రవ్వినది. గరిటెలో బంగారు ఉంగరము మెఱసెను.

లోపలివైపున మేలిమి ముద్రలును, రెండక్షరములును, 1961 అను సంవత్సరమును చెక్కియుండెను. దానిని చూచిన క్షణమున మా మనస్సులో కలిగినది సంతోషమే. కాని అది చాలసేపు నిలువలేదు. మేము పోగొట్టుకొనిన వస్తువును వెదకుటకు వచ్చి, మఱియొక స్త్రీ పోగొట్టుకొనిన దానిని చేత బట్టుకొంటిమి. పోగొట్టుకొనుట యెట్లుండునో మా యింట అప్పటికి మూడు వారములుగా చూచుచున్నాము గదా. ఇట్టి క్రొత్త వస్తువు దొరికినవారిది గాదనియు, యజమానిని వెదకు ప్రయత్నము చేయక దాచుకొనుట దొంగతనమే యగుననియు అచ్చటి చట్టము. చట్టము లేకున్నను కోడలు దానిని ఇంటికి తేనిచ్చెడిది కాదు. తీరమున నున్న తేనీటి అంగడిలోను, మఱి రెండు చోట్లను ప్రకటన లంటించితిమి. ఉంగరము దొరకినదని మాత్రమే వ్రాసితిమి. అక్షరములు గాని, సంవత్సరము గాని వ్రాయలేదు. అవి చెప్పగలవారే యజమానులు.

తొమ్మిదవనాడు ఒక వృద్ధురాలు టెలిఫోనులో ఆ రెండక్షరములను, సంవత్సరమును చెప్పెను. ఆమె మా యింటికి వచ్చినది. ఉంగరము ఆమెది గాదు, ఆమె అక్కగారిది. అక్క చనిపోయిన తరువాత, వ్రేలికి వదులైనను ఆమె ధరించుచుండెను. అందుచేతనే నీటిలో జాఱినది. ఆమె ఉంగరమును తొడిగికొనక, జేబురుమాలులో ముడివైచి, సంచిలో దాచుకొనెను. పిమ్మట కోడలి పాదములను చూచి, ఒక కాలికే ఆభరణ మేల యని ప్రశ్నించెను. సంగతి విని, కొంతసేపు మౌనముగా నుండి, “మీరు సుత్తి కథ వినియుండరు. హాక్సన్‌కు పోయి చూడుడు” అనెను. సఫోక్ సీమలో సుత్తి కథ తెలియనివారు అరుదట.

ఇప్స్‌విచ్ నుండి రైలులో డిస్ అను ఊరు చేరి, అచ్చటినుండి కొన్ని మైళ్ళు మోటారులో పోయినచో హాక్సన్ గ్రామము వచ్చును. చిన్న యూరు, పచ్చిక మైదానము, చర్చి, నాలుగు వీధులు. ఊరిలో గోల్డ్‌బ్రుక్ అను వాగుమీద నొక వంతెన గలదు. తూర్పు ఆంగ్లియా నేలిన ఎడ్మండు రాజు 869లో డేనుల చేత హతుడయ్యెను. శత్రువులు తఱుముకొని రాగా ఆయన ఈ వంతెన క్రిందనే దాగెననియు, సాయంకాలమున వంతెన దాటుచున్న క్రొత్త దంపతులు నీటిలో ఆయన బంగారపు కాలిముండ్ల తళుకును చూచి బయటపెట్టిరనియు, అందుచే ఆయన పెండ్లివారిని శపించెననియు గ్రామస్థులు చెప్పుకొందురు. చాలకాలము వఱకు పెండ్లికి పోవువారు ఆ వంతెన దాటక చుట్టుదారిని పోయెడివారట. కథ నిజమైనను కాకున్నను, దాచుకొనినదానిని బంగారమే పట్టియిచ్చుననుట ఆ యూరికి తగిన మాట.

సుత్తి కథ మాత్రము నిజము. 1992 నవంబరు 16వ తేదీని, ఈ యూరి పొలములో పీటర్ వాట్లింగ్ అను కౌలురైతు తన సుత్తిని పోగొట్టుకొనెను. ఆయన స్నేహితుడగు ఎరిక్ లాస్, తోటమాలిగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడు, తన లోహశోధినితో వెదకుటకు వచ్చెను. యంత్రము గట్టిగా పలికెను. త్రవ్వగా వెండి చెంచాలును, బంగారు నగలును, నాణెములును వెలువడసాగెను. ఇచ్చటనే ఆయన గొప్పతనము. చేతినిండ బంగారము వచ్చుచుండగా ఆయన త్రవ్వుట ఆపెను. భూమి యజమానులకును రక్షకభటులకును వర్తమానము పంపెను. మఱునాడే పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి, మిగిలినదానిని ఉన్నదున్నట్లు మట్టితోకూడ పైకి తీసిరి.

ఆ నిధిలో నాణెములు 14,865. అందు బంగారువి అయిదువందలకు పైగా, వెండివి పదునాలుగువేలకు పైగా నున్నవి. నాణెములనుబట్టి 407వ సంవత్సరమునకు తరువాత, రోమకుల పాలన బ్రిటనులో అంతరించుచున్న దినములలో, ఎవరో సంపన్న కుటుంబమువారు దానిని పాతిపెట్టిరని నిర్ణయించిరి. వెండి నాణెములలో చాలవానికి అంచులు కత్తిరింపబడియున్నవి. అనగా రోమునుండి క్రొత్త వెండి రాని కాలమున నున్న వెండినే పొదుపుచేసికొనిరన్నమాట. లాస్ ఆగుటచేతనే మఱియొక సంగతి తెలిసినది. అంతయు ఒక పెద్ద ఓకుచెక్క పెట్టెలో సర్దబడియుండెను. అందులో చిన్న పెట్టెలు, వానికి వ్రేలెడేసి వెండి తాళములు, ఒక దంతపు బరిణె. చెక్క చివికిపోయినను, వస్తువులున్న తీరునుబట్టి పెట్టె ఆకారము తేలినది. తొందరపడి తోడివేసినచో బంగారము మిగిలెడిదిగాని, సర్దిన చేతి జాడ మిగిలెడిది కాదు.

లండను నగరమున బ్రిటిష్ మ్యూజియములో ఆ నిధిని మేము కన్నులార చూచితిమి. బంగారు నగలు 29. అందు కంకణములు 19, హారములు 6, ఉంగరములు 3, మఱియు భుజములమీదుగాను చంకలక్రిందుగాను వచ్చి ఱొమ్మునను వీపునను కలియు మేనిగొలుసు ఒకటి. గొలుసు కొలత చూచినచో సన్నని దేహముగల యువతికై చేసినట్లున్నది. ముందువైపు పతకమున ఊదారంగు రాయియు, నాలుగు ఎఱ్ఱరాళ్ళును కలవు. మఱి నాలుగు గూళ్ళు ఖాళీగా నున్నవి. అందు ముత్యములుండి, మట్టిలో కరగిపోయియుండవచ్చునని చెప్పుదురు. వెనుకవైపున గ్రేషియన్ చక్రవర్తి బంగారు నాణెమును పొదిగినారు. కాసులపేరు తెలిసిన మనకు ఆ రుచి పరాయిది కాదు. ఒక కంకణమునకు చిల్లులు పొడిచిన అక్షరములతో, జూలియానా అను స్త్రీ దీనిని సుఖముగా ధరించుగాక యను ఆశీర్వచనము చెక్కబడియున్నది. పదునాఱువందల సంవత్సరముల క్రిందటి యా స్త్రీనిగూర్చి లోకమునకు తెలిసిన సంగతి ఆ పేరు మాత్రమే. ఆమె మఱల వచ్చి పెట్టె తీయుదమనియే పాతించియుండును. రాలేదు.

ఇంకొక వస్తువు మమ్ము చాలసేపు నిలిపినది. అది స్త్రీవిగ్రహపు ఆకారముగల వెండి మిరియముల బరిణె. అడుగున త్రిప్పు బిళ్ళ యొకటి గలదు. ఒకవైపు త్రిప్పినచో మిరియములు నింపవచ్చును, ఒకవైపు త్రిప్పినచో పొడి రాలును, మఱియొకవైపు మూసికొనును. ఆనాడు రోమకుల వంటయిండ్లకు మిరియములు పోయినది మన దేశపు మలబారు తీరమునుండియే. దాని ప్రక్కనే వాట్లింగ్ గారి సుత్తి. అదియు ఆ పొలముననే దొరకినది. ఆయన దానిని మ్యూజియమునకే యిచ్చెను. బంగారముల నడుమ ఆ యినుప సుత్తిని చూచి మా కోడలు మొదటిసారి నవ్వెను.

ఆ నిధికి 17 లక్షల 50 వేల పౌనుల వెల కట్టి, ఆ మొత్తమును లాస్ గారికి బహుమానముగా నిచ్చిరి. ఆయన దానిని రైతుతో పంచుకొనెను. తరువాత 1996లో క్రొత్త నిధి చట్టము వచ్చినది. మూడువందల యేండ్లు దాటిన బంగారు వెండి వస్తువులు, ఒకేచోట దొరకిన అట్టి నాణెములు మొదలైనవానిని పదునాలుగు దినములలో కారొనరు అను అధికారికి తెలుపవలెను. మ్యూజియము వానిని తీసికొన్నచో బహుమానము సాధారణముగా కనుగొనినవారికిని భూస్వామికిని చెందును. నిధిగాని చిన్న వస్తువులనుగూడ చూచి, దొరకిన చోటుతో సహా వ్రాసికొనుటకు మండలములలో అధికారు లున్నారు. వారి పట్టికలో పది లక్షలకు మించిన వస్తువులు చేరియున్నవి. ఇన్ని వీలులున్నను, అర్ధరాత్రమున ఇతరుల పొలములలో దొంగతనముగా త్రవ్వువారు అచ్చటను లేకపోలేదు. వారి చేతబడిన నాణెము విలువ తూకమునకే. అది చెప్పవలసిన కథ గుంతలోనే పోవును.

ఈ మాట మన తెలుగుసీమకును వర్తించును. నల్లగొండ జిల్లాలోను, నాగార్జునకొండలోను రోమకుల నాణెములు దొరకినవి. సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున రోమకుల నాణెమును పోలిన మట్టిబిళ్ళలు, మెడలో ధరించుటకు కొక్కెములతో గూడినవి, త్రవ్వకములలో బయటపడినవి. బంగారు నాణెమును ధరించు శక్తి లేని ఏ యిల్లాలు ఆ బిళ్ళను మెడలో వేసికొని మురిసినదో! లోహశోధిని చేతబట్టిన వాని కది వినబడదు. దానిని ప్రక్కకు విసరి బంగారముకొఱకు త్రవ్వును. గుప్తనిధులున్నవని పాడుదేవళములలో నందిని పెకలించి, ధ్వజస్తంభము మొదలు త్రవ్వువారి వార్తలు మనము పత్రికలలో చదువుచునే యున్నాము. మన దేశమునను 1878లోనే నిధి చట్టము చేయబడినది. పదిరూపాయల విలువ మించిన నిధి నేలలో దొరకినచో కలెక్టరునకు తెలుపవలెను. పెరటిలో నూతికో, గోడకో త్రవ్వునప్పుడు కుండ యొకటి తగిలినచో, తట్టి పగులగొట్టక, మగవారు తొందరపడకుండ ఆపి, ఆ మాట గుర్తుచేయగలవారు ఇంటి స్త్రీలే.

మేము ఫెలిక్స్‌టోకు తరువాతను మూడుసారులు పోతిమి. మెట్టె దొరకలేదు. కోడలు మా యూరినుండి తెప్పించిన క్రొత్త జత తొడిగికొన్నది. పాతదాని జతను కుంకుమబరిణెలో దాచుకొన్నది. లోహశోధిని ఆ యింటిలో నేటికిని పనిచేయుచున్నది. ఇరుగుపొరుగువారు తోటలో తాళపుచెవియో, చెవిదుద్దో పోయినచో వచ్చి పిలుతురు. కోడలు హెడ్‌ఫోనులు తగిలించుకొని పోవును. ధ్వని వినుట అందఱును వారములో నేర్వగలరు. దొరకినది ఎవరిదో యని అడుగుటయు, ఇక చాలునని చేయి వెనుకకు తీయుటయు అటుపిమ్మటి విద్య. అదియు వచ్చినవారి చేతనే ఆ యంత్రము శోభించును.